ముందు ఒక మూల

చెప్పులు గుమ్మం బయట ఇడువు, మాలకొండా.
బకెట్టు తర్వాత. ముందు వంగి చూడు.
ఏ రాయో తెలవకుండా తడి చెయ్యి వెయ్యబాకు.

ఇది ఒంగోలు లాయర్‌పేట, మూడో అంతస్తు.
హాల్లో తెల్ల మార్బులు,
వంటింట్లో మన చీమకుర్తి నలుపు,
వెనక వసారాలో మార్కాపురం పలక రాయి.
మూడింటికీ ఒకే మందు పోసేవాడు
జొరానికీ దెబ్బకీ ఒకే బిళ్ల ఇచ్చే ఆరెంపీ లాంటోడు.

ఇల్లుగలామె వకుళమ్మ. మనం వచ్చీ రాగానే
సింకు కింద నుంచి డబ్బా తీసిచ్చింది:
"యాసిడ్ పోసి రుద్దండి, గంటలో అయిపోద్ది."
నేను వాదించలా.
మెట్ల కింద మేస్త్రీ వదిలేసిన మార్బులు ముక్క దొరికితే
దాని మీద నిమ్మ బద్ద పిండాను.
సన్నగా బుసబుస. తుడిచాను.
మెరుపు పోయిన చోట
పువ్వు పడ్డ కన్నులా ఒక చుక్క.
ఆమె వేలితో రుద్దింది. చెంగుతో రుద్దింది.
"అది మురికి కాదమ్మా, రాయే పోయింది" అన్నాను.
డబ్బా తనే లోపల పెట్టుకుంది.

ముందు పొడి గుడ్డ.
కాలి కింద ఇసక రేణువు ఆకురాయితో సమానం,
అది లేచిపోయాకే నీళ్లు.
సబ్బు కలిపాక లిట్మస్ ముంచు:
ఎర్ర కాగితం నీలం కాకూడదు, నీలం కాగితం ఎర్రబడకూడదు.
అదైనా ముందు ఒక మూల, బీరువా చాటున,
రూపాయి బిళ్లంత మేర.
పది నిమిషాలు ఆగు.
ఆ పది నిమిషాలకే మనకి కూలి,
మిగతాది ఎవరైనా రుద్దుతారు.

సందుల్లో నల్లగా పట్టింది చూశావా,
ఎనిమిదేళ్ల సాంబారు, పసుపు, పిల్లోడు ఒలకబోసిన పాలు.
ఇనప బ్రష్షు వద్దు, నైలాన్ది తీసుకో.
టీ చల్లారేంత సేపు సబ్బు నీళ్లు సందులో నిలవనీ.
తర్వాత సందు ఎటు పోతే అటు.
మురికినీళ్లు వెంటనే పీల్చెయ్యి,
లేకపోతే కక్కింది మళ్లీ తాగుద్ది.

గ్లౌజులు తొడుక్కో. కిటికీ తియ్యి.
రెండో కిటికీ కూడా.
నవ్వబాకు.
కొత్తలో, కందుకూరులో, ఒక బాత్రూములో
తొందరగా తెల్లబడాలని
యాసిడ్ మీద బ్లీచింగ్ పోశాన్నేను.
పచ్చటి పొగ. గొంతులో మిరప్పొడి.
గడప దాకా పాకడం గుర్తుంది, దాటడం గుర్తులేదు.
నన్ను బయటికి లాగింది ఆ ఇంట్లో అంట్లు తోమే దీనమ్మ.
వాళ్లిచ్చిన కూలి మందులకి చాలలా.
ఇప్పటికీ చలి రాత్రుళ్లు నా ఛాతీ ఈల వేస్తది,
మా ఆవిడ లేచి కూర్చుంటది.
అందుకని, ఏ రెండూ కలపబాకు.
డబ్బా మీద ఉన్నది చదువు. రాకపోతే అడుగు.
నేను అడగలా.

ఇక వంటగట్టు. నువ్వు పక్కకి జరుగు, ఇది నేను తుడుస్తా.
పదకొండేళ్లు చీమకుర్తి పాలిష్ షెడ్డులో
మోకాటి దాకా తడిసి ఈ నల్ల రాళ్లకి వెలుగెక్కించాను.
మచ్చలేనివి ఓడరేవుకి పోయేవి.
తెల్ల గీత కనపడితే ఎర్ర సుద్దతో అడ్డంగా కొట్టేది నేనే.
ఇదిగో అట్టాంటిదే, పొయ్యి పక్కన,
జొన్నాకు ఈనెలాగా గీత.
నేను కొట్టిన రాయే అని చెప్పను, వేలల్లో ఒకటి.
గుడ్డ ఆ గీత మీదికి పోయేసరికి మాత్రం
చెయ్యి దానంతటదే నిదానించింది.

"ఆ గీత దగ్గరే చపాతీ పీట పెట్టుకుంటా,
నాకదే గుర్తు" అంది వకుళమ్మ.
నేనేం మాట్లాడలా.

తడి నేల బోర్డు గుమ్మంలో పెట్టు,
పై ఇంటి ముసలాయన పేపరు కోసం దిగుతాడు.
తర్వాత ఇట్టా రా.
చెంప నేలకి ఆనించి
బాల్కనీ వెలుతురుకి ఎదురుగా చూడు.
నిలబడి చూస్తే అన్ని నేలలూ శుభ్రమే.

అదిగో, సోఫా కాలు దగ్గర
ఒక సందు మర్చిపోయాం.
బ్రష్షు ఇట్టా ఇయ్యి.