జేబుల్లేని వీరులు

రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం దించి
చిలకలగూడల నా కుట్టుమిషన్ పక్కన
చిన్న టీవీ పెట్టుకుంట.
డబ్బింగ్ సీరియల్.
మంచుకొండల రాజులంతా
మన తెలుగులనే తిట్టుకుంటరు.

కథ నాకు సగమే తెలుస్తది.
మిగతా సగం మిషన్ చప్పుడు కింద పడిపోతది.
నాకు కనబడేది కుట్టు.

ఆ రాణికి ఏడు భాగాల సంది ఒకటే నీలం గౌను.
యుద్ధంల చినిగిన భుజం
తెల్లారేసరికి గీత కూడ లేకుండ అతుక్కున్నది.
ఎవరు కుట్టిండ్రమ్మా?
కోట నిండ సైనికులు, మంత్రగాళ్లు, నిప్పులూదే ఓ డ్రాగన్.
దర్జీ మాత్రం ఒక్కడు లేడు.

ఆకాశంల తిరిగేటోడు మంచోడే.
కూలే వంతెనను వీపు మీద మోస్తడు.
కాని వాని వెనక రెపరెపలాడే ఎర్రగుడ్డ జూస్తే నాకు గుబులు.
మా గల్లీల ఎగిరి చూడు కొడుకా,
కరెంటు తీగ, కేబుల్ వైరు, ఎవడో వదిలేసిన మాంజా,
రెండో స్తంభం కాడనే వేలాడతవ్.

అస్గర్ గుండీలు కుట్టుకుంట అంటడు:
“ఉస్తాద్, విలన్‌కే ఫిటింగ్ మంచిగున్నది.”
నిజమే.
చెడ్డోళ్లకెప్పుడూ మంచి దర్జీ దొరుకుతడు.

ఇంకోటి గమనించిన.
ఎంతమందిని కాపాడినా
ఆ వీరుల్ల ఒక్కనికీ జేబు లేదు.
చిల్లర ఏడ పెట్టుకుంటడు? రుమాలు? ఇంటి తాళంచెయ్యి?
లోకాన్ని గెలిచొచ్చినంక
ఏ తలుపు తీసుకొని లోపలికి పోతడు?

పోయిన నెల ఒకామె గులాబి సాటిన్ గుడ్డ తెచ్చింది,
ఎరుపు దొరకలేదట.
కొడుకుకు బడిల వేషం.
పిల్లగాడు, నిహాంత్ అట పేరు,
కొలతల టేపు మెడకు చుట్టుకొని
“ఎగుర్తదా?” అన్నడు.
“నాది కుట్టుడు వరకే,” అన్న.
ఎవరూ అడగకుండనే లోపలి దిక్కు
ఓ చిన్న జేబు పెట్టిన.
దానికి పైసలు తీసుకోలే.

మొన్న మళ్ల తెచ్చిండు, అంచు ఊడిందని.
మూడో బహుమతి కూడ రాలేదట.
జేబుల చెయ్యి పెడితే
ఒక రబ్బరు ముక్క,
పెన్సిల్ చెక్కిన పొట్టు,
సగం కొరికిన ఉస్మానియా బిస్కెట్.
పొట్టు దులిపి, అంచు కుట్టి,
బిస్కెట్ మళ్ల అండ్లనే పెట్టిన.
ఎవరికోసం దాచిండో ఏమో.

టీవీల ఆకాశం ఇంకోసారి కూలుతున్నది.
అస్గర్, సౌండు తగ్గియ్.
సూదిల దారం ఎక్కుతలేదు.