లేపగలిగినంత బరువు

ఒంగోలు షోరూములో కుర్రాడు
లైట్ల కింద మెరిసే బండి చుట్టూ తిరుగుతూ
సీసీలు, బీహెచ్‌పీలు, న్యూటన్ మీటర్లు
ఎక్కాల్లా అప్పజెప్పాడు.
నేను ఒక్కటే అడిగాను.
వాగులో ఆగిపోతే ఎవరొస్తారు?
టోల్‌ఫ్రీ నెంబరుంది మేడమ్, అన్నాడు.
దోర్నాల దాటి అడవిలోకి పోతే సిగ్నలుండదని
అతనికెవరూ చెప్పినట్టు లేదు.

అదే బస్సులో మార్కాపురం తిరిగొచ్చాను,
పలకల ఫ్యాక్టరీ గోడనానుకున్న
పకీరయ్య షెడ్డుకి.
అంచు విరిగిన పలక మీద
బలపంతో బాకీలు రాసుకునే మనిషి.
తలెత్తకుండానే
"యాడికి పోవాలమ్మా?" అన్నాడు.
మైలేజీ ఎంత కావాలని కాదు,
డబ్బెంత తెచ్చావని కాదు.

చెప్పాను.
తారు పద్నాలుగు కిలోమీటర్లు,
తర్వాత ఎర్రమట్టి, తర్వాత గుండ్రాళ్లు,
ఆ తర్వాత దారి అనుకుంటే దారి.
మూడు గూడేలు, పందొమ్మిది మంది పిల్లలు.
వెనక సీటు మీద నీలం పెట్టె,
పెట్టెలో ఐసు, ఐసు మధ్య టీకా మందు.

పోయిన శ్రావణంలో స్కూటీ
ముక్కుదాకా బురద తాగి ఊరుకుంది.
పెట్టె భుజానేసుకుని నడిచాను.
చేరేసరికి పొద్దువాలింది.
మూత తీస్తే గోరువెచ్చటి నీళ్లు.
సూది బయటికి తీయకుండానే వెనక్కి తిరిగాను.
మండ్ల గురవమ్మ బిడ్డను చంకనేసుకుని
వాగు దాకా నాతో వచ్చింది.
ఏమీ అనలేదు.
ఏమైనా అనుంటే బావుండేది.

పకీరయ్య లుంగీకి చేతులు తుడుచుకున్నాడు.
"బటన్ ఒక్కటే ఉంటే చాలదు, కిక్కుండాల.
బ్యాటరీ అలిగినా కాలు అలగదు గదా.
అల్లాయ్ చక్రం పగిలిందా, పగిలిందే.
ఊచల చక్రమైతే, వంకరపోయినా
రాయితో కొట్టుకుంటా ఇంటికి రావచ్చు.
కార్బొరేటరుకు చీపురుపుల్ల చాలు.
కొత్తవాటి కడుపులో నొప్పేందో తెలియాలంటే
లాప్‌టాప్ పెట్టాలంట,
దానికీ నాకూ మాటల్లేవు."

షెడ్డులో మూడు బండ్లున్నాయి.
ఒక్కోదాన్నీ స్టాండు తీసి
నిద్రబోయిన బిడ్డను దించినట్టు
మెల్లగా నేలమీద పడుకోబెట్టాడు.
"ఇప్పుడు లేపు."

మొదటిదాని రంగు మీద నాకు మనసుంది.
దానికి నా మీద లేదు.
రెండోది సగం లేచి
నా మోకాలి మీద కూర్చుంది.
టీ కొట్టు దగ్గర ఎవరో నవ్వారు.
పకీరయ్య నవ్వలేదు.

మూడోది పొడుగుకాళ్లది, బక్కది,
ట్యాంకుకి చింతగింజంత సొట్ట.
ఫారెస్టు వాచరెవరో తిప్పి తిప్పి అమ్ముకున్నాడట.
హ్యాండిలు ఒకవైపు తిప్పి పట్టుకుని,
నడుము సీటుకానించి,
చేతుల్తో కాదు కాళ్లతో లేవమన్నాడు.
కాన్పు గదిలో నేను రోజూ చెప్పే మాటే,
బలం ఎక్కడ పెట్టాలో.
లేచింది.

పలక మీద రేటు రాశాడు.
నేను తుడిచి ఇంకోటి రాశాను.
నా ఏడుని అతను తొమ్మిది చేశాడు.
సరే అన్నాను.
క్లచ్ కేబులు తెగితే వెతుక్కోకుండా
పాతదాని పక్కనే కొత్తది కట్టి పంపాడు,
సీటు కింద ప్లగ్గొకటి.
పెట్టెకి తాడు వద్దు, జారిద్ది, అని
సైకిల్ ట్యూబు చీల్చి ఇచ్చాడు. దానికి డబ్బులు తీసుకోలేదు.

ఇవాళ వాగు మధ్యలో పడ్డాం,
ఇద్దరం ఒకేవైపు.
చూసినవాళ్లు లేరు, కొంగ ఒకటి తప్ప.
నడుము ఆనించి లేచాను.
మూడో కిక్కుకి దగ్గింది,
నాలుగోదానికి మాట్లాడింది.

ఒడ్డెక్కాక ట్యూబు విప్పి,
మూత తీసి, చెయ్యి పెట్టి చూశాను.
వేళ్లు జివ్వుమన్నాయి.