నీ తోక పట్టుకుని

ఫిబ్రవరి. పుల్హెలిలో మూడో రోజూ వాన.
వంటింటి బల్ల మీద మ్యాపు పరిచాను,
లేచిపోకుండా మూలకొక బరువు:
ఉప్పు డబ్బా, పోస్టు వ్యాను తాళాలు,
సగం తాగిన టీ కప్పు,
నాలుగో మూల నీ గడ్డం.
తియ్యరా టెగెల్,
నువ్వు తల వాల్చింది సరిగ్గా సముద్రం మీద.

టెగెల్ అంటే మా వెల్ష్ మాటలో టీ కెటిలు.
ఇంటికొచ్చిన తొలి రాత్రి
ఆవిరి పట్టినట్టు నిద్రలో సన్నగా ఈలేశావు.
పేరు పెట్టింది మాబ్లి. అప్పుడు దానికి ఆరేళ్ళు.
ఇప్పుడు పదమూడు.
అమ్మతో, కుక్కతో ఒకే డేరాలో పడుకోవడం
పరువు తక్కువట.

కుక్కతోక పట్టుకుని ఈదేవాళ్ళని చూసి
లోకం నవ్వుతుంది గాని
నేనేం ఈదబోవడం లేదు.
నీ తోక పట్టుకుని ఒడ్డు వెంటే
నాలుగు రాత్రులు నడుస్తాను, అంతే.

చిక్కంతా క్యాలెండరుది.
ఏప్రిల్లో గొర్రెలు ఈనుతాయి,
పొలంలో డేరా వేసుకోనిచ్చే వాళ్ళందరికీ
కుక్క అనగానే సిగ్నల్ పోతుంది.
మే వచ్చిందా, మంచి బీచీలన్నిట్లో బోర్డులు దిగుతాయి:
ఎర్రటి సున్నాలో నీలాంటివాడొకడు,
వాడి నడుం మీద అడ్డగీత.
గొర్రెపిల్లలకీ సెలవుల జనానికీ మధ్య
మనకి మిగిలింది
తలుపు సందంత వారం.

నిన్న ఏడు చోట్లకి ఫోన్ చేశాను.
చిన్న కుక్కలైతే సరే, అన్నాడొకాయన.
ఎంత చిన్నవంటే
సంచిలో పట్టేంత, అన్నాడు.
నిన్ను సంచిలో ఊహించుకుని
కాసేపు నాకు మాట రాలేదు.
ఒకామె నీకూ మనిషి కిరాయే అంది.
నీ వంతు వేడినీళ్ళ స్నానం నాకిస్తారా అని అడిగాను.
పెట్టేసింది.

ఏడో ఫోను ఎమ్లిన్ ప్రిథెర్ఖ్,
గొంతులో ఇసుక ఉన్న ముసలాయన.
ఏం జాతి?
గొర్రెల కాపరి కుక్కండీ.
అటువైపు నిశ్శబ్దం గట్టిపడింది.
ఉద్యోగం పోయిన కాపరి కుక్క, అన్నాను.
ఏం చేశాడేం?
నిజం చెప్పేశాను రా, ఏమనుకోకు:
పని నేర్చుకునే మూడో రోజు
ఒక ముసలి గొర్రె కాలు నేలకేసి కొడితే
గేటు దూకొచ్చి నా పోస్టు వ్యానెక్కి కూచున్నాడు,
ఏడేళ్ళయింది, ఇంకా దిగలేదు.
నవ్వు దగ్గులోకి, దగ్గు నవ్వులోకి తిరిగి
ఫోను చెవికి దూరంగా పెట్టుకోవాల్సొచ్చింది.
తీసుకురామ్మా, అన్నాడు చివరికి,
మా గొర్రెలకీ ఎవర్నో ఒకర్ని తరిమిన సరదా ఉంటుంది.

తువ్వాళ్ళు రెండు, రెండూ నీకే.
ఇసుకలో నిలిచే పొడుగు మేకులు.
పిడుదులు లాగే కొక్కెం.
రాత్రి నువ్వెక్కడున్నావో తెలిసేలా
మెడకి ఎర్ర దీపం.
మంచినీళ్ళ డబ్బా పెద్దది,
ఉప్పునీళ్ళు తాగి నా బూటులో కక్కిన సంగతి
నువ్వు మర్చిపోయినా బూటు మర్చిపోలేదు.

రెండో రోజు దారి ఇసుక మీదే.
ఆటు పదకొండూ ఇరవైకి.
పోటు మొదలైందంటే కొండ చుట్టి పోవాలి,
రెండొందల మెట్లు,
నీ వెనక కాలు ఒప్పుకోదు.
అరచేతిలో రాసుకున్నాను, పదకొండూ ఇరవై.
గిన్నెలు తోమితే పోయింది.
మళ్ళీ రాసుకున్నాను.

పాత డేరా కొన్నాం కదా,
చిల్లులేమైనా ఉన్నాయేమోనని ముందుగదిలో నిలబెట్టాను.
ఎవరిదో పిల్లి వాసన.
నువ్వు మూల మూలా విచారణ జరిపి
నడిమధ్యన పడుకున్నావు, ఇక బయటికి రాలేదు.
సరే అని నేనూ దూరాను.

అర్ధరాత్రి జిప్పు చప్పుడు.
దుప్పటి చుట్టుకుని మాబ్లి.
నేనేం రావట్లేదు, ఊరికే చూద్దామని, అంది,
చూస్తూ చూస్తూ నా దిండు లాక్కుంది.
నా కాళ్ళు బయటికెళ్ళాయి.
కిటికీ మీద వాన,
ఇద్దరి మధ్యా నీ ఈల,
ఎవరో పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయినట్టు.

పొద్దున్నే ప్రిథెర్ఖ్‌కి మళ్ళీ ఫోన్ చెయ్యాలి.
కాగితం మీద రాసుకున్నాను:
కుక్క ఒకటి.
మనుషులు,
అక్కడ మాత్రం పెన్సిలుతో.