ఒకే ఎండ

ఒక జానెడు తీగ, ఒక నానోసెకను.
ఈ లెక్క నాకు పుస్తకంలో దొరికింది,
వేలాయుధానికి వేళ్ళలో.
నగరిలో పదహారేళ్ళు మరమగ్గాల ఫిట్టరు.
ఇప్పుడు ఏర్పేడు దాటాక, మా ప్రయోగశాలలో
తీగలు కోసి కొసలకు కనెక్టర్లు బిగిస్తాడు.
ఎడమ కనుబొమ్మ మీద పాత కుట్లు.

లోపలి గదిలో ఉట్టిలా వేలాడుతుంది ఫ్రిజ్.
అంచె దిగినకొద్దీ చలి.
అట్టడుగున, చుక్కల మధ్య ఖాళీ కన్నా చల్లని చోట
గోటి మీద పట్టేంత చిప్పులో
రెండు క్యూబిట్లు.
తట్టు ఎప్పుడు పడిందన్నదే
వాటికి తెలిసిన భాష.

బయట రెండు పెట్టెలు,
చెరో క్యూబిట్‌కీ కబురు పంపడానికి.
రెండింటికీ గడియారం ఒకటే,
సెకనుకు కోటిసార్లు కొట్టుకునేది.
గడియారం ఒకటైతే
సమయం ఒకటైనట్టు కాదని
ఏప్రిల్ నెలంతా నేర్చుకున్నాను.

పొద్దున అన్నీ కుదిరేవి.
మధ్యాహ్నం రెండు దాటితే తప్పులు.
రాత్రికి మళ్ళీ ఏమీ ఎరగనట్టు
గ్రాఫు మీద గీత బుద్ధిగా కూర్చునేది.
ప్రోగ్రామ్ తిరగరాశాను.
పెట్టెలు అటూ ఇటూ మార్చాను.
గూడూరు వైపు పోయే గూడ్సు రైళ్ళ వేళలు
గోడమీద రాసుకుని వాటినీ అనుమానించాను.

టిఫిను డబ్బా మూత పెడుతూ అన్నాడు వేలాయుధం:
"మగ్గం మింద గూడా ఇంతే మేడమ్.
పడుగు నోరు తెరిచినప్పుడే నాడె దూరాల.
రవ్వంత ముందొస్తే పోగులు తెగతాయి.
రవ్వంత ఆలస్యమైతే
నాడె ఎగిరి మనిషి మిందికొస్తాది."
చెయ్యి తనకు తెలియకుండానే కనుబొమ్మ దాకా వెళ్ళింది.
"మరి అప్పుడేం చేసేవాళ్ళు?"
"చెయ్యి పెట్టి చూసేవాళ్ళం."

రెండున్నరకి లేచాడు.
గడియారం దగ్గర మొదలుపెట్టి
తీగ వెంటే అరచెయ్యి నడిపాడు.
పైకప్పు వారగా, మూల తిరిగి,
పడమటి గోడ దిగి,
తెర లేని కిటికీ పక్కన ఆగాడు.
"ఈడ కాల్తా ఉంది."

మొదటి పెట్టె తీగ రెండు బారలు.
రెండోది పది మీటర్లు,
ప్లగ్గు దగ్గరుందని ఆ పెట్టెను ఆ మూలన పెట్టించింది నేనే.
ఎండకు రాగి సాగింది.
దాని చుట్టూ ఉన్న తెల్లని ప్లాస్టిక్ గుణం మారింది.
మొత్తం కలిపి నలభై పికోసెకన్లు.
రెప్పపాటులో అలాంటివి ఎన్ని కోట్లు పడతాయో,
కానీ అక్కడ ఒక చుట్టుకు రెండువందలే.
ఐదోవంతు పక్కకు తిరిగి నిలబడినవాణ్ణి
కళ్ళలోకి చూసి మాట్లాడమంటే?

కిటికీకి తెర, గోడకు థర్మోకోల్,
ఇంకో ఏసీకి అర్జీ,
నేను కాగితం మీద రాస్తూనే ఉన్నాను.
"ఎండని ఎన్నాళ్ళాపతారు?
రెండో తీగని గూడా ఇంతే పొడుగు కోసి
దీని పక్కనే కట్టేస్తా.
కాలితే రెండూ కాలతాయి."
నవ్వాను.
నవ్వు సగంలోనే ఆగింది.

ఆ రాత్రి కూర్చుని కోశాడు.
జానకొక ముడి, నల్లదారంతో,
రెండు తీగల్నీ ఆ గోడ పొడుగునా పక్కపక్కన పడుకోబెట్టాడు.
దగ్గరున్న పెట్టెకు కూడా
ఇప్పుడు గడియారం ఊరంతా తిరిగే వస్తుంది.

మర్నాడు నలభై మూడు డిగ్రీలు.
రెండున్నరకి కిటికీ పక్కన చెయ్యి పెడితే
చురుక్కుమంది.
రెండు కబుర్లూ ఆలస్యంగానే బయలుదేరాయి,
ఒకే ఆలస్యంతో.
అడుగున ఆ రెండింటికీ
మధ్యాహ్నమైనట్టే తెలియలేదు.

రిపోర్టులో 'ఉష్ణోగ్రతా ప్రభావం సమం చేయబడింది' అని రాశాను.
ఎవరు చేశారో చెప్పాల్సిన పని లేని వాక్యం.
కొట్టేసి మళ్ళీ మొదలుపెడుతుండగా
రేణిగుంట నుంచి పార్సిల్ బండి వచ్చింది.
మూడో పెట్టె.

వేలాయుధం అప్పటికే తీగచుట్ట భుజాన వేసుకుని
పడమటి గోడను
జానలతో కొలుస్తున్నాడు.