ఒక్క చిరునామాకి పది

ఫిబ్రవరి. బల్లరాట్.
బయట నలభై మూడు డిగ్రీలు.
యూకలిప్టస్ బెరడు మాడిన అట్టుముక్కల్లా
కార్ల మీద రాలుతోంది.

జిల్లా మంటల మ్యాపు మా సర్వర్ మీదే ఉంటుంది.
మామూలు రోజుల్లో దాన్ని చూసేది
నేనూ, మార్నీ, బహుశా ఓ గొర్రెల పెంపకందారూ.
ఇవాళ ఇసక వేస్తే రాలనంత జనం
ఆ సన్నటి గుమ్మం ముందు.

గుమ్మమంటే ప్రాక్సీ.
దాని వెనక వంటవాడు ఒక్కడే, ముసలి డేటాబేసు.
ఒకేసారి రెండు వందల మంది మించి అడిగితే
గరిటె జారవిడిచి కూలబడతాడు.
పొద్దున కూలబడ్డాడు కూడా,
పదకొండు నిమిషాలు.
అంతసేపూ గాలి ఎటు మళ్ళిందో
ఎవరికీ చూపించలేకపోయాం.

అందుకని ఒక లైను రాశాను. నిజానికి రెండు.
మొత్తం మీద రెండు వందలు.
ఒక్క చిరునామాకి పది.
మిగతావాళ్ళకి ఓ మర్యాద వాక్యం:
దయచేసి కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి.

మా తవిటయ్య మావయ్య పెళ్ళిళ్ళలో
భోజనాల పందిరి దగ్గర అడ్డంగా నిలబడేవాడు.
భుజాన తువ్వాలు, నోట్లో ఒకే మాట:
"ఈ బంతి లేవనీండి."
ఆకలి మీదున్న మగపెళ్ళివారిని ఆ మాటతోనే ఆపేవాడు,
తిట్లు తినేవాడు,
తన వంతొచ్చేసరికి పులుసులో ముక్క మిగిలేది కాదు.
వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు గానీ
ప్రాక్సీకి మనవాడూ పరాయివాడూ తెలీదు.
దానికి అంకె తెలుసు.
నేను దాన్నే న్యాయం అనుకున్నాను,
నాలుగుంబావు దాకా.

నాలుగుంబావుకి ఫోను.
స్నేక్ వ్యాలీలో ఫుట్‌బాల్ క్లబ్బు హాలు నుంచి, డిల్లిస్ అట.
నేను రాసిన వాక్యాన్నే
నాకు చదివి వినిపించింది, నిదానంగా.
"ఎంత కాసేపు, అమ్మాయ్?"

ఎంతమంది ఉన్నారక్కడ అన్నాను.
"డెబ్భై ఇద్దరం. మూడు గుర్రాలు. ఎవరిదో చిలుక."
వైఫై?
"క్లబ్బుది. ఒక్కటే."

లాగ్ తెరిచాను.
ఒకే చిరునామా, పేజీల కొద్దీ,
ఐదు సున్నా మూడు, ఐదు సున్నా మూడు.
మధ్యాహ్నం నేను చూసిందే అది.
ఎవడో ఆకతాయి దాడి చేస్తున్నాడని
కాగితం మీద రాసి, కింద గీత కూడా గీశాను.
డెబ్భై రెండు నోళ్ళకి పది విస్తళ్ళు వేసి
ఒక్క ఇల్లేగా అనుకున్నాను.

పదిని ఎనభై చేశాను.
"మొత్తం రెండు వందలేగా," అంది మార్నీ.
అవును. వీళ్ళకి తలుపు తీసి
ఎవరి మొహానో వేశాను,
వాళ్ళ ఫోను నాకు రాలేదు, అంతే.

అప్పుడు మార్నీ, తను పొద్దున్నే అన్నదీ,
నేను కాదన్నదీ, మళ్ళీ అంది:
ప్రతివాడికీ కొత్తగా వండొద్దు,
నిమిషానికోసారి వండించి గుమ్మం దగ్గరే ఉంచుదాం,
అందరికీ అదే పెడదాం.
నిమిషం పాత మంట అబద్ధం కదా అని
పొద్దున వాదించింది నేనే.
ఖాళీ విస్తరి కంటే పెద్ద అబద్ధమా అది?
ఈసారి వాదించలేదు.

నాలుగున్నరకల్లా గుమ్మం పలచబడింది.
ముసలి వంటవాడు కాస్త చెమట తుడుచుకున్నాడు.

ఆరు దాటాక హాలు చిరునామా నుంచి
డెబ్భై, నలభై ఒకటి, తొమ్మిది.
రోడ్డు తెరిచారో, కరెంటు పోయిందో
అంకె చెప్పదు.
ఒకటి దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.
ఫోను చేద్దామని తీశాను, పెట్టేశాను,
మళ్ళీ తీశాను.

రాత్రి ఇంటికెళ్ళే ముందు
ఆ ఎనభై పక్కన ఒక గమనిక రాశాను,
చెయ్యి తిరిగిన భాషలో:
ఇది ఇల్లు కాదు, హాలు.
మార్నీ వంగి చూసి
ఏమిటా గుండ్రాలు అంది.