బొటనవేలు

ఒకటి నుంచి ఐదు దాకా గుండ్రాలు.
అసలు బాగాలేదు దగ్గర మొదలై
చాలా బాగుంది దగ్గర ఆగుతాయి.
వాటిని లెక్కపెట్టడం నా పని,
వారానికి ఎనిమిది గంటలు,
డండీలో, హీటరు సగమే వెచ్చబడే గదిలో.
కిటికీ అవతల టే నది
ఎవరికీ మార్కులు వేయకుండా పోతూ ఉంటుంది.

పేర్లు రాయక్కర్లేదు, అయినా కొందరు రాస్తారు.
నర్సింగ్ రెండో ఏడు ఐలీ:
"మూడుసార్లు లాగిన్ అడిగింది.
మూడోసారికి నేనెవరో నాకే అనుమానం వచ్చింది."
రెండు.

ఎబెలె:
"సారాంశం చదవనిస్తారు, వ్యాసం తెరవనివ్వరు.
తాలింపు వాసన చూపించి తలుపేసుకున్నట్టు."
ఒకటి. గుండ్రం చిరిగేలా నొక్కి ఉంటుంది,
తెర మీద చిరగదు కాబట్టి బతికిపోయాం.

రూరీ చేపల పడవలోంచి రాశాడు:
"ఆర్బ్రోత్ దాటేదాకా బానే తెరుచుకుంది.
ఆ తర్వాతది సముద్రం తప్పు, మీది కాదు."
ఐదు.

ఇంకొకాయన, పగలు బస్సు నడుపుతాడట,
వ్యాఖ్య గడిలో ఒకే ఒక్క మాట: "రాత్రి."
మెచ్చుకోలో ఫిర్యాదో తేల్చుకోలేక
ఇతరములులో వేశాను.
ఇతరములులో ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదు.

సగటు మూడు పాయింటు ఆరు.
సోమవారం మీటింగులో అదొక నీలం కడ్డీ.

నేనూ విద్యార్థినే, నేనూ నింపాలి.
పధ్నాలుగో ప్రశ్న: మీరు అడిగినది సరిగ్గా అందిందా?

నవంబరులో, రాత్రి రెండింటికి,
జనపనార మిల్లుల మీద ఓ పాత పుస్తకం,
అందులో ఒక్క అధ్యాయం కావాలన్నాను.
ఎవరితో అన్నానో తెలీదు, ఒక గడితో అన్నాను.
అడగందే అమ్మైనా పెట్టదంటారు,
మరి గడి?
తొమ్మిదిన్నరకల్లా వచ్చింది.
పదకొండు పేజీలు, కాస్త వంకరగా.
ఆరో పేజీ అంచున
ఎవరిదో బొటనవేలు,
పుస్తకం మూసుకుపోకుండా అదిమిపట్టి,
గోరు పక్కన ప్లాస్టరు చుట్టుకుని.

సరిగ్గా దాని కిందే
ఒక నూలు వడికే ఆమె వారం కూలి ఉంది.
నాకు కావలసిన అంకె.

మళ్ళీ అడిగితే మళ్ళీ పంపేవాళ్ళే.
అడగలేదు.
కూలి దగ్గర ఖాళీ వదిలి వ్యాసం ఇచ్చాను,
నాలుగు మార్కులు పోయాయి.

ఇంతకీ పధ్నాలుగో ప్రశ్న.
ఏ గుండ్రం మీద పెట్టినా బాణం జారిపోతోంది.
చివరికి వదిలేసి
కింది గడిలో రాశాను:
"వేలు మానిందా?"

రేపు పొద్దున దాన్ని ఎందులో వేయాలో
నేనే చూసుకోవాలి.