ముప్పై ఒకటి

లిస్బన్ నుంచి ఓడలో వచ్చే ఇనుప బిగింపు
ఒక్కటి కొనాలంటే
నేను పదకొండు గౌన్లు కుట్టాలి.
గిటారు చుట్టూ అవి ముప్పై రెండు కావాలి.
నా లెక్క అక్కడే ఆగిపోయింది.

ఎర్మీనియు లెక్కలు వినే మనిషి కాదు.
నా మిషను కింద దొర్లే ఖాళీ రీళ్లను చూశాడు.
పాతకాలపు చెక్క రీళ్లు, మా అత్త దాచినవి.
పనికొస్తాయని దాచి
దేనికో చెప్పకుండానే పోయింది.

ఒక్కో రీలునీ నడిమికి కోశాడు.
బెజ్జంలోంచి పొడుగాటి బోల్టు దూర్చాడు,
చివర చెవుల నట్టు.
చెప్పులు కుట్టేవాడి దగ్గర ఏరుకొచ్చిన తోలుముక్కలు
రెండు పెదాలకీ అంటించి
"ముద్దు పెడుతుంది గానీ పన్ను దిగదు" అన్నాడు.
లోపలి అంచుల కోసం నా బట్టల క్లిప్పులన్నీ పట్టుకుపోయి
సైకిలు ట్యూబు ముక్కలు చుట్టాడు.
ఆ రోజు మిందేలో గాలికి
నా తడి లంగా ఒకటి కస్టమ్స్ ఆఫీసు మిద్దెక్కింది.

మా దీవిలో చెట్టంటే
గాలికి ఒక పక్కకే ఒరిగిన తుమ్మ.
పలక కావాలంటే పడవ విరగాలి.
ఈ గిటారు పక్కలు ఒకప్పుడు
ఉప్పు మోసిన పడవలో గది తలుపు.
వేడి గొట్టానికి ఎంత వంచినా
రాత్రికి రాత్రి తలుపునని గుర్తొచ్చి
తిన్నగా అయిపోవాలని చూసేది.

వీపు అతికించే రాత్రి జిగురు కాగింది.
తోలు ఉడికిన వాసనకి
పిల్లి మూడుసార్లు వచ్చి అడిగి వెళ్లింది.
అతను కుంచె తిప్పుతుంటే నేను నట్లు బిగించాను,
ఇటొకటి, అటొకటి,
కుట్టే ముందు టాకాలు వేసినట్టు.
ముప్పై ఒకటి అయ్యాక
చేతికి బుట్ట అడుగు తగిలింది.

ముప్పై రెండోది
నిలూగాడి సార్డీను డబ్బా లారీకి వెనక చక్రాలైంది.
లారీ వాడి మంచం కింద. వాడు నిద్రలో.

నడుము వంపు దగ్గర వేలెడంత సందు,
సరిగ్గా తలుపు పారిపోవాలని చూసే చోట.
ఎర్మీనియు నన్ను చూశాడు.
నేను బొటనవేలు పెట్టి నొక్కాను.

ఎంతసేపని నేనడగలేదు, అతను చెప్పలేదు.
రేడియోలో వార్తలు, చేపల ధరలు,
ఎవరో ఎవరికో అడిగి వేయించుకున్న మోర్న,
మళ్లీ అవే వార్తలు.
వేలు ముందు మండింది,
తర్వాత తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది.
రొట్టె కాఫీలో ముంచి నా నోటికందించాడు
గోడ వైపు చూస్తూ.
పెళ్లి చేసుకుంటావా అని అప్పుడు అడిగుంటే
లేచి పారిపోయే వీలు నాకు లేదు.
అడగలేదు.
జిగురు ఆరిందా అని మాత్రం
రెండుసార్లు అడిగాడు.

తెల్లారి ఉబికిన జిగురు ఉలితో గీకాడు.
తేనెరంగు పెచ్చులు నేలంతా. నేనే ఊడ్చాను.
గిటారు ఎవరో నావికుడితో రోటర్‌డామ్ వెళ్లింది.
ఆదివారం నట్టు కోసం డబ్బా తెరిస్తే
అడుగున ఒక పెచ్చు,
దాని మీద నా వేలి గీతలు.
మూత పెట్టేశాను.

నిలూ లారీ జోలికి ఎవరం పోలేదు.
"ఇంకో రీలు కోస్తే సరి" అంటాడు ఎర్మీనియు.
చెక్క రీళ్లు అయిపోయాయని,
ఇప్పుడొచ్చేవన్నీ ప్లాస్టిక్కని
అతనికి నేనింకా చెప్పలేదు.